పోర్ట్ బ్లెయిర్ మూట

ఫిబ్రవరి, ఆదివారం. విశాఖపట్నం.

ఓడ ఈ వారంలోనే. వీధిలో ఎవరైనా అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ వెళ్తున్నారంటే నాలుగిళ్ళ మూటలు వాళ్ళ వెంట వెళ్ళాల్సిందే. అన్నయ్యావాళ్ళకి పంపాల్సిన మూట ఇవాళ సగానికి వచ్చింది. 2024 సెప్టెంబరులో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు గానీ, ఇంట్లో మాటల్లో ఇప్పటికీ పోర్ట్ బ్లెయిరే.

ఇక్కడినుంచి దాదాపు 1,200 కిలోమీటర్లు. ఓడ మీద రెండున్నర రోజుల దారి. మూట కట్టేవాళ్ళు ఆ దూరం గురించే ఆలోచిస్తారు: డబ్బా పగలకూడదు, నూనె కారకూడదు అని. అసలు చూసుకోవాల్సింది తేమని. అక్కడ మే నుంచి డిసెంబరు దాకా వానలే. నైరుతి వెళ్ళేలోపు ఈశాన్యం దిగుతుంది. ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకి అటూ ఇటూ పడుతుంది, అంటే మన విశాఖలో పడేదానికి రెండింతలకి పైనే. ఇక్కడ మూడు నెలలు ఆగే పొడి అక్కడ మూడు వారాలకే ఉండ కడుతుంది. అందుకని పంపే ప్రతి వస్తువునీ మన వాతావరణానికి కాదు, ఆ వాతావరణానికి సరిపడేలా ఎండబెట్టాలి, వేయించాలి. వాళ్ళకి ఏది ఇష్టం అన్నది ఆ తర్వాతి మాట.

పొద్దున్న కందిపొడి అయింది. కందిపప్పు నాలుగు గ్లాసులు, శనగపప్పు రెండు, పెసరపప్పు ఒకటి, ఎండుమిరపకాయలు నలభై, జీలకర్ర నాలుగు చెంచాలు, ఇంగువ. పప్పులు మూడూ కలిపి వేయించకూడదు. పెసరపప్పు ముందే మాడిపోతుంది, శనగపప్పు లోపల పచ్చిగా మిగిలిపోతుంది. ఆ పచ్చి గింజలో ఉన్న తడే తర్వాత పొడినంతా పాడుచేస్తుంది. ఒక్కో పప్పునీ విడిగా, సన్న సెగ మీద, కందిపప్పైతే పన్నెండు పదిహేను నిమిషాలు. రంగు చూసి దించేస్తే చాలదు. ఒక గింజ పంటికింద పెట్టి కొరికితే టక్కుమని విరగాలి, సాగకూడదు. కరివేపాకు వేస్తే చేత్తో నలిపినప్పుడు పొడవ్వాలి. మెత్తగా మడత పడిందంటే ఇంకా వేగలేదనే.

వెల్లుల్లి మాత్రం వెయ్యకూడదు. ఎంత వేయించినా రెబ్బ నడుమ తడి ఉండిపోతుంది. తినేరోజు అక్కడే రెండు రెబ్బలు దంచి కలుపుకోమంటే సరిపోతుంది.

ఉప్పు సంగతి చాలామంది పట్టించుకోరు. గాలిలో తేమని లాగేది అదే. రాళ్ళ ఉప్పుని మూకుడులో వేసి, చిటపటలు ఆగేదాకా వేడిచేసి, చల్లారాక పప్పులతో పాటు మిక్సీ పట్టాలి. పప్పులు కూడా వెడల్పాటి పళ్ళెంలో పూర్తిగా చల్లారాలి. వేడిమీద పడితే మిక్సీ మూత లోపలివైపు ఆవిరి చెమ్మ కనిపిస్తుంది. ఆ చెమ్మంతా పొడిలోకే దిగుతుంది. పట్టిన తర్వాత కూడా పొడి గోరువెచ్చగానే ఉంటుంది కాబట్టి, కాగితం మీద గంటసేపు పరిచి అప్పుడు డబ్బాకెత్తాలి.

డబ్బా పెద్దదొకటి వద్దు. పావుకిలో పట్టే చిన్న సీసాలు ఆరు మేలు. పెద్ద డబ్బా తెరిచిన ప్రతిసారీ తడిగాలి లోపలికి వెళ్తుంది, నెల తిరిగేసరికి అడుగున ఉన్నది కూడా మెత్తబడుతుంది. చిన్నవైతే ఒకటి వాడుతుంటే మిగతా ఐదూ మూత తియ్యకుండా ఉంటాయి.

ఆవకాయకీ ఇదే లెక్క. ఇంట్లో కిలో ముక్కలకి ఆవపిండి, కారం, ఉప్పు ఒక్కొక్కటి 200 గ్రాములు, నువ్వుల నూనె అరకిలో వేస్తాం. అక్కడికి పంపే జాడీకి కిందటి వేసవిలోనే ఉప్పు 220 వేసి విడిగా పెట్టాం. ఇవాళ దాన్ని చిన్న సీసాల్లోకి సర్దుతూ, ముక్కల మీద వేలెడు మందాన నూనె నిలిచేలా మళ్ళీ పోశాం. పోసే నూనెని కాచి, పూర్తిగా చల్లార్చాలి. ముక్క నూనె పైకి తేలిందంటే అక్కడే బూజు మొదలవుతుంది. బెల్లం ఆవకాయ వానాకాలంలో పంపకపోవడమే మంచిది. పాకం సరిగ్గా ఇగరకపోతే పులిసి నురగొస్తుంది.

ఊరగాయ మీద తెల్లగా కనపడగానే వదిన ఫోన్ చేస్తుంది. తెల్లగా ఉన్నదల్లా బూజు కాదు. వేలితో తాకితే గరగరలాడి, చుక్క నీళ్ళలో కరిగిపోతే అది ఉప్పు పేరుకున్నదే, కలిపేసుకోవచ్చు. దూదిలా మెత్తగా నూగు కనిపించి, ముక్క వాసన మారితే అది బూజు. పైపైన తీసేసి తినకూడదు, సీసా మొత్తం పారెయ్యాలి. చిన్న సీసాలు పెట్టడంలో రెండో లాభం ఇదే: పోయినా పావుకిలోతో పోతుంది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక వీడియో ఫోన్లు నిలకడగా వస్తున్నాయి కాబట్టి ఇప్పుడు సీసాని కెమెరా ముందు పెట్టించి చూడొచ్చు. అంతకుముందు అయితే మాట కూడా ముక్కలు ముక్కలుగా వినపడేది, ఇక రంగెక్కడ తెలుస్తుంది.

మధ్యాహ్నం ఎండునెత్తళ్ళు. చుట్టూ సముద్రం ఉన్న ఊరికి ఇక్కడినుంచి ఎండుచేపలెందుకని అడుగుతారు. పచ్చిచేపకి అక్కడ లోటులేదు, ఎండకే లోటు. వానాకాలంలో ఇంటి దగ్గర చేప ఎండబెట్టుకోవాలంటే అది ఎండేలోపే వాసన పట్టేస్తుంది. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మనకున్న వేట నిషేధం అక్కడా ఉంది కాబట్టి ఆ రెండు నెలలకీ డబ్బాలో ఏదో ఒకటి ఉండాలి.

ఫిషింగ్ హార్బర్ దగ్గర కొనేటప్పుడు చూడాల్సింది ఒక్కటే: గుప్పెడు తీసి గట్టిగా పట్టి వదిలితే నెత్తళ్ళు దేనికది విడిపోవాలి. ముద్దగా అంటుకుంటే ఎండలేదు, తూకానికి తడి ఉంచారనే. ఇంటికి తెచ్చాక తలలు తుంచి, తలతో పాటే పొట్టలోని నల్లటి దారం లాగెయ్యాలి. అది ఉంటే కూర చేదెక్కుతుంది. కడగకూడదు. ఇసుక జల్లెడ పట్టి, మూకుడులో నూనె లేకుండా నాలుగైదు నిమిషాలు సన్న సెగన వేయించి, చల్లారాక రేకు డబ్బాలో పెట్టి, మూత చుట్టూ టేపు వెయ్యాలి. కడగడం వండేరోజే, గోరువెచ్చని నీళ్ళతో రెండుసార్లు. ఓడలో పక్కవాళ్ళకి వాసన రాకుండా ఆ డబ్బాని ఇంకో సంచిలో కట్టాం. మూట తీసుకెళ్ళేవాళ్ళు మనకి ఉపకారం చేస్తూ మోసుకెళ్తున్నారు, వాళ్ళని ఇబ్బంది పెట్టకూడదు కదా.

చింతపండు ఇప్పుడిప్పుడే కొత్తది వస్తోంది, పాడేరు వైపు సంతల నుంచి. గింజలూ ఈనెలూ తీసి, రెండు ఎండలు పెట్టి, రాళ్ళ ఉప్పు చల్లి నొక్కి కట్టాలి. కిలో చాలు.

బియ్యం, కందిపప్పు, ఉల్లిపాయలు మూటలో పెట్టక్కర్లేదు. సరుకుల ఓడల్లో వెళ్తాయి, బజారులో దొరుకుతాయి, ధర మాత్రం ఎక్కువ. తుఫాను పట్టి ఓడలు ఆగితే ముందు ఖాళీ అయ్యేవి ఉల్లిపాయలూ బంగాళాదుంపలే. అందుకే అక్కడి వంటింట్లో ఉల్లిపాయ లేకుండా అయ్యే కూరలు నాలుగైనా అలవాటుండాలి. అరటికాయ ఆవపెట్టిన కూర, గుమ్మడికాయ పులుసు, చేమదుంపల వేపుడు, కొబ్బరి వేసిన బెండకాయ. వీటికి కావాల్సిన కూరగాయలు దీవిలోనే పండుతాయి. ఉల్లిపాయలు ఎవరింట్లో ఉంటే వాళ్ళు పక్కింటికి నాలుగిస్తారు. తర్వాతి ఓడకి వాళ్ళు ఎనిమిది తెచ్చిస్తారు.

ఆ పక్కింటివాళ్ళు మనవాళ్ళే కానక్కర్లేదు. దేశవిభజన తర్వాత 1949 నుంచి తూర్పు బెంగాల్ కుటుంబాలని అక్కడ స్థిరపరిచారు. రాంచీ వైపు నుంచి కూలి పనులకి వెళ్ళినవాళ్ళున్నారు. మాయాబందర్ వైపు 1925లో బర్మా నుంచి వచ్చిన కరెన్ తెగవాళ్ళు ఉన్నారు. తమిళులూ, శ్రీకాకుళం విశాఖల నుంచి వెళ్ళిన మన వాళ్ళూ సరేసరి. పోర్ట్ బ్లెయిర్‌లోనే జంగ్లీఘాట్ వైపు వెళ్తే వేటకి వెళ్ళే మనవాళ్ళ తెలుగు వినపడుతూనే ఉంటుంది. వదినకీ, పక్కింటి బెంగాలీ ఆవిడకీ మాట కలిసింది ఆవాలతోనే. వాళ్ళు ఆవముద్దని ఆవనూనెలో చేపతో పాటు ఉడికిస్తారు, మనం కూర దించేశాక కలుపుతాం. రెండు పద్ధతుల్లోనూ చేదు రాకుండా ఉండాలంటే ఆవాలు పావుగంట నానబెట్టి, పచ్చిమిరపకాయా ఉప్పూ వేసి నూరాలి. మిక్సీ ఆపకుండా తిప్పి వేడెక్కనిస్తే చేదు వచ్చి తీరుతుంది.

సాయంత్రం ఐదున్నరకి ఫోన్ చేస్తే అక్కడ అప్పుడే చీకటి పడిపోతోంది. గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనకంటే అరగంట పైనే ముందు. అందుకే అక్కడ పొద్దున్న వంట మనకంటే ముందే తెమిలిపోతుంది, రాత్రి భోజనం కూడా పెందలాడే.

“వదినా, నీళ్ళొస్తున్నాయా?” అంటే, “రోజు విడిచి రోజు. బిందెలు నింపుకుంటున్నాం” అంది. అంత వాన పడే ఊళ్ళో వేసవికి నీళ్ళు కరువు. ఊరికి నీళ్ళిచ్చే ధనిఖారి డ్యామ్ ఫిబ్రవరి నుంచీ తగ్గుతూ వస్తుంది. బియ్యం కడిగిన నీళ్ళు పెరటి మొక్కలకి, కూరలు కడిగిన నీళ్ళు గిన్నెల మొదటి తోముడికి. పిల్లలకి కూడా అది చెప్పక్కర్లేకుండా వచ్చేసింది.

రాత్రికి ఇక్కడ కూడా అండమాన్ పద్ధతి చేపల కూరే. ముప్పావు కిలో వంజరం ముక్కలకి పసుపు, ఉప్పు పట్టించి పావుగంట ఉంచాలి. ఒక కొబ్బరికాయ తురిమి, ముప్పావు గ్లాసు గోరువెచ్చని నీళ్ళతో మొదటి పాలు, గ్లాసున్నర నీళ్ళతో రెండో పాలు తియ్యాలి. మూడు చెంచాల నూనెలో ఆవాలు, పావు చెంచా మెంతులు, రెండు ఉల్లిపాయలు, నాలుగు పచ్చిమిరపకాయలు, అల్లం వెల్లుల్లి ముద్ద. అందులో చెంచాన్నర కారం, రెండు చెంచాల ధనియాలపొడి. నిమ్మకాయంత చింతపండు రసం పోసి, పచ్చివాసన పూర్తిగా పోయేదాకా మరగనిచ్చాకే రెండో పాలు పొయ్యాలి. అది కూడా ఉడుకు పట్టాక ముక్కలు వేసి ఏడెనిమిది నిమిషాలు. గరిటె పెట్టకుండా గిన్నెని గుడ్డతో పట్టుకుని తిప్పడమే. చిక్కటి పాలు ఆఖర్న, సెగ బాగా తగ్గించి, రెండు నిమిషాలు. కుతకుతలాడనిస్తే పాలు విరిగి, నూనె పైకి తేలి, కింద తరకలు తరకలుగా మిగులుతుంది. పులుసు ముందే బాగా మరగకపోయినా అంతే.

ఆ కూరకి అక్కడి రుచి ఇచ్చేది బర్మా ధనియా. కొత్తిమీర వాసనే, కానీ ఆకు వేరు: జానెడు పొడవు, అంచు రంపపు పళ్ళలా, నేలకి ఆనుకుని గుత్తిగా పెరుగుతుంది. కొత్తిమీర ఆఖర్న చల్లుతాం, ఇది మాత్రం ఉడుకుతో పాటే వెయ్యాలి, సెగకి వాసన పోదు. ఘాటెక్కువ కాబట్టి ఈ కూరకి మూడు నాలుగు ఆకులు చాలు. ఎండ తగలని చోట, తడి ఆరని కుండీలో విశాఖలో కూడా బతుకుతుంది. నడుమ నుంచి ముళ్ళ పూలకాడ లేవగానే తుంచెయ్యాలి, లేకపోతే ఆకు గట్టిపడి గరుకెక్కుతుంది.

తిరుగు ఓడకి అక్కడినుంచి వచ్చేది కొబ్బరే. కొబ్బరి విషయంలో నికోబార్ వాళ్ళ ఏర్పాటు గొప్పది. కార్ నికోబార్‌లో తుహెత్ అనే ఉమ్మడి కుటుంబానికే తోటలూ పందులూ ఉంటాయి, ఒక్కరి సొత్తుగా ఉండవు. 2004 సునామీలో అన్నీ కొట్టుకుపోయాక ఆ కట్టుబాటే వాళ్ళని నిలబెట్టిందని అక్కడివాళ్ళు చెప్తారు. ఎండుకొబ్బరి ఓడలోనే రావాలి. త్వరగా నిప్పంటుకునే గుణం ఉంది కాబట్టి విమానంలో ఒప్పుకోరు.

ఓడలో వెళ్ళేవాళ్ళకి దారి తిండి ఇంకా చెయ్యాలి. మొదటి రోజుకి చింతపండు పులిహోర. నిమ్మకాయదైతే రాత్రికే వాసన మారుతుంది. అన్నం పళ్ళెంలో ఆరబెట్టి కలపాలి, కొబ్బరీ కొత్తిమీరా వెయ్యకూడదు. మర్నాటికి నూనె వేసి కాల్చిన చపాతీలు, కందిపొడి. మూడో రోజుకి వేయించిన అటుకులు. మొదటి రాత్రి ఓడ ఊగుడుకి కడుపులో తిప్పేవాళ్ళు ఖాళీ కడుపుతో పడుకోకుండా ఉండటం ముఖ్యం కాబట్టి విడిగా ఒక పొట్లంలో అల్లం మురబ్బా, నాలుగు నిమ్మకాయలు.

మినప వడియాల పని కూడా మిగిలింది. ఇవాళ విరిచి చూస్తే అంచు టక్కుమంది గానీ నడుమ సాగింది. అలా పంపితే నూనెలో పొంగకుండా ఎర్రబడి రాయిలా ఉంటాయి. రేపు ఇంకో పూట ఎండ పెట్టి, నీడలో చల్లారాక డబ్బాకెత్తాలి. మూతల మీద ఎవరింటివో, ఏ రోజు చేసినవో రాసిన చీటీలు అంటించాలి. నాలుగిళ్ళ సీసాలు ఒక్కలాగే ఉంటాయి.