బెర్లిన్‌లో ఆ చిన్న కిటికీ

బెర్లిన్‌లో చదువుకుంటున్న మా అక్క కొడుకు దగ్గర నాలుగు రోజులున్నాను. మొదటి రోజే వాడు నన్ను నోలెన్‌డార్ఫ్‌ప్లాట్జ్ మెట్రో స్టేషన్‌కు తీసుకెళ్ళాడు. బయటి గోడకు గులాబీ రంగు రాతి త్రికోణం ఉంది. 1989లో పెట్టారట. దాని మీది రెండు మాటలకు వాడు అర్థం చెప్పాడు: కొట్టి చంపారు, నోరెత్తకుండా చంపారు. నాజీ క్యాంపుల్లో స్వలింగ సంపర్కులన్న నేరం మీద తెచ్చిన మగవాళ్ళ బట్టలకు కుట్టిన గుర్తు ఆ త్రికోణమే.

వాళ్ళను నేరస్థులను చేసింది నాజీలని అనుకునేదాన్ని. కాదు. సెక్షన్ 175 అనే ఆ చట్టం 1871 నాటిది. దాన్ని తీసేయమని 1897 నుంచి పోరాడినవాడు మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ అనే యూదు డాక్టరు. 1919లో ఇదే ఊళ్ళో లైంగిక విజ్ఞానానికి ఒక సంస్థ పెట్టాడు. భయంతో, సిగ్గుతో వచ్చేవాళ్ళకు అక్కడ వైద్యం, సలహా, ధైర్యం దొరికేవి. 1933 మే 6న నాజీ విద్యార్థులు దాన్ని దోచుకున్నారు. నాలుగు రోజులకు ఆ పుస్తకాలను నడి ఊళ్ళో తగలబెట్టారు. అప్పటికి విదేశాల్లో ఉన్న హిర్ష్‌ఫెల్డ్ ఆ మంటల్ని పారిస్‌లో ఒక సినిమా హాల్లో, న్యూస్‌రీల్‌లో చూశాడు. తన జీవితమంతా తెర మీద కాలిపోతుంటే ఆ మనిషి కుర్చీలో ఎలా కూర్చున్నాడో!

బెర్లిన్‌లో ఆ పుస్తకాలు తగలబెట్టిన చోటే ఇప్పటి బేబెల్‌ప్లాట్జ్. నేలలో ఒక గాజు పలక, కింద గదిలో తెల్లటి ఖాళీ అరలు. 20 వేల పుస్తకాలు పట్టేటన్ని అరలు, ఒక్క పుస్తకం లేదు.

మర్నాడు వానలో టియర్‌గార్టెన్ పార్కుకు వెళ్ళాం. చెట్ల మధ్య మనిషికంటే ఎత్తున ఒక బూడిద రంగు కాంక్రీటు దిమ్మె. నాజీలు హింసించిన స్వలింగ సంపర్కుల కోసం 2008లో కట్టిన స్మారకం. "దగ్గరికెళ్ళి కిటికీలోంచి చూడు పిన్నీ" అన్నాడు వాడు. లోపల చిన్న తెర మీద ఇద్దరు ముద్దు పెట్టుకుంటున్నారు. అంతే. ఆ ముద్దుకు జైలు.

హిట్లర్ పోయాక కూడా జైలే. నన్ను బాగా బాధపెట్టింది ఇదే. నాజీలు 1935లో ఇంకా కఠినం చేసిన సెక్షన్‌ను పశ్చిమ జర్మనీ 1969 దాకా అలాగే ఉంచింది. దాదాపు 50 వేల మందికి శిక్షలు వేసింది. క్యాంపుల నుంచి ప్రాణాలతో బయటపడ్డ కొందరు అదే సెక్షన్ కింద మళ్ళీ జైలుకెళ్ళారు. చట్టం పూర్తిగా పోయింది 1994లో. అప్పటికి నేను పదో తరగతి. యుద్ధం తర్వాత పడిన శిక్షలను రద్దు చేసింది 2017లో. ఒక్కో శిక్షకు 3,000 యూరోలు, జైల్లో గడిపిన ఏడాదికి 1,500 చొప్పున పరిహారం. తీసుకోవడానికి ఎందరు మిగిలారు? స్వలింగ సంపర్కాన్ని నేరం చేస్తూ బ్రిటిష్‌వాళ్ళు 1860లో రాసిపెట్టిన సెక్షన్ 377ను మనమూ 2018 దాకా మోశాం కాబట్టి, ఇది వాళ్ళ గొడవ అని పక్కన పెట్టలేకపోయాను.

ఇంతలో ఇద్దరు ముసలాయనలు వచ్చారు. ఎనభై దాటి ఉంటాయి. ఒకాయన నెమ్మదిగా వంగి కిటికీలోకి చూస్తుంటే, రెండో ఆయన తాను తడుస్తూ గొడుగు ఆయన వీపు మీదికి పట్టుకున్నాడు. "వెళ్దామా పిన్నీ?" అన్నాడు మా వాడు. ఇంకాసేపు ఉందాం అన్నాను.