పడమటి గోడకు లోపలా, బయటా?

ఆదివారం, విజయనగరం.

ఉదయం మేస్త్రి వచ్చి నాన్నగారి గది పడమటి గోడ చూసి వెళ్లాడు. సున్నంతో కట్టిన తొమ్మిదంగుళాల ఇటుక గోడ. మే నెల మధ్యాహ్నమంతా పీల్చుకున్న ఎండను రాత్రి పది దాటాక గదిలోకి వదులుతుంది. మంచం జరుపుదామంటే నాన్నగారు ఒప్పుకోరు, ఆయనకు కిటికీలోంచి వీధి కనబడాలి. అందుకే గోడకే వేడిని ఆపే పొర వేయించాలి. అది లోపలివైపా, బయటివైపా అన్నదే తేలాలి.

లోపలివైపు థర్మాకోల్ షీట్లు పెట్టి, పైన జిప్సం బోర్డు బిగిస్తే పని త్వరగా అయిపోతుంది, ఖర్చూ తక్కువే అన్నాడు మేస్త్రి. నాకు మనసొప్పలేదు. అలా చేస్తే అమ్మ దీపం పెట్టిన గూడు బోర్డు వెనక్కి పోతుంది. వానాకాలంలో ఈ గోడ చెమ్మ పడుతుంది కూడా. ఏసీ వేసిన గదిలో బోర్డు వెనక చల్లబడ్డ చోటికి మన తీరప్రాంతపు తేమగాలి చేరితే అక్కడే నీరుగా మారుతుంది. బూజు పట్టినా బయటికి కనబడదు. రాత్రిళ్లు ఆయాసపడే మనిషి గదిలో ఆ బూజును ఊహించుకోవడానికే భయమేసింది.

మధ్యాహ్నం లెస్టర్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. వాడి ఇల్లు వందేళ్లు దాటిన ఎర్ర ఇటుకల వరుస ఇళ్లలో ఒకటి. ఆ గోడా తొమ్మిదంగుళాలే. ఇంగ్లాండ్‌లో మధ్యన ఖాళీ వదిలి రెండు పొరలుగా గోడలు కట్టడం మామూలు కాకముందు కట్టినవన్నీ ఇలాంటివేనట. వాడి బాధ చలి. లోపల బోర్డులు పెడితే ఇంటి వెచ్చదనం ఇటుకకు అందదు, గోడ మరింత చల్లబడి చెమ్మ పడుతుంది, అందులోకి దిగిన కర్ర దూలాల చివర్లు కుళ్లే ప్రమాదం ఉంది. బయట వేద్దామంటే వీధివైపు ముఖం మారిపోతుంది, కొన్ని వీధుల్లో దానికి అనుమతి కావాలి. వెనక గోడకు బయట, ముందు గోడకు లోపల వేయిద్దామనుకుంటున్నాడు.

"అక్కా, మేమిద్దరం సాయంత్రమే ఇంటికొస్తాం. లోపల పొర ఉంటే ఇటుకను వేడెక్కించే పని లేకుండా గది తొందరగా వెచ్చబడుతుంది" అన్నాడు. ఆ మాటతో నా లెక్క తేలింది. రాత్రి కాసేపు ఏసీ వేసుకొని పడుకునేవాళ్లకు మన ఊళ్లోనూ లోపలి పొరే లాభం. నాన్నగారు రోజంతా ఆ గదిలోనే ఉంటారు. ఆయనకు ఎండ ఇటుకను చేరకముందే ఆగాలి. బయటి పొర వెనక ఉన్న ఇటుక గది చల్లదనాన్ని దాచుకుంటుంది, స్లాబు గోడను కలిసే చోట వేడి దూరే దారి కూడా మూసుకుపోతుంది. అంగుళం థర్మాకోల్ ఆపే వేడిని ఆపాలంటే దాదాపు ఇరవై అంగుళాల ఇటుక కావాలి. బయటే వేయిద్దామని తేల్చుకున్నాను.

సాయంత్రం ఈ మాట చెబితే మేస్త్రి వెంటనే హుద్‌హుద్‌ను గుర్తుచేశాడు. 2014 అక్టోబరు 12 నాటి ఆ గాలిని చూసినవాళ్లం. జిగురుతో అతికించిన షీటు అలాంటి గాలికి నిలుస్తుందా? నిలవదు. ప్లగ్గులు కొట్టి బిగించాలి, మీద జాలీ పరిచి ప్లాస్టరింగ్ చేయాలి. నేలనుంచి అడుగు ఎత్తు వదిలేయాలి, లేకపోతే చెదలు షీట్ల చాటున పైకి పాకుతాయి, వాన చిందులూ తగులుతాయి. పునాది చెమ్మకు మందు వేయకుండా షీటు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను. ఇంకో షరతు పెట్టింది తమ్ముడు. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో బయటి పొరలు అంటుకొని 72 మంది పోయారు. అందుకే వాడు రాతిని కరిగించి తీసిన, నిప్పంటుకోని ఉన్నే వాడతాడట. మనకూ అదే దొరికితే థర్మాకోల్ వద్దన్నాడు. వాడి మాట సబబే. ధర కనుక్కోవాలి.

షీట్ల కంటే ముందు కిటికీ మీద సజ్జ పెంచాలి, గోడకు దూరంగా పందిరి వేసి తీగ పాకించాలి. ఎండను గోడదాకా రానివ్వకపోవడమే అసలు పని. వాలు ఎండకు సజ్జ ఒక్కటే చాలదు, పందిరి కావాల్సిందే. పైకప్పు సంగతీ ఉంది. గోడకంటే అదే ఎక్కువ ఎండను మోస్తుంది. ముందు దానికి తెల్ల సున్నం వేయించమన్నారు నాన్నగారు, మేస్త్రీ సరేనన్నాడు.

వానలు దిగకముందే ప్లాస్టరింగ్ ఆరాలి. కిటికీ అంచుల దగ్గర పొరను ఎలా మడిచారో ఫొటోలు పంపమని తమ్ముడికి చెప్పాను. అవి చూపించి మేస్త్రిని సజ్జకు, షీట్లకు వేర్వేరుగా లెక్క రాసివ్వమని అడగాలి.