డెవిల్ రాయించుకున్న ప్రోనోటు: మా క్యాంపెయిన్ 3 నుంచి 6 సెషన్ల దాకా

ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం, పాచికలు వేస్తూ, పాత్రలుగా మారి కథ నడిపే ఆట. 2014 నాటి ఐదో ఎడిషన్ రూల్స్, నలుగురు ప్లేయర్లు, డీఎం (కథ నడిపే మనిషి) నేను. కథంతా ఒక డెవిల్ బేరం చుట్టూ తిరగాలని మొదటి నుంచీ నా కోరిక.

మా వాళ్లు మొదట్లో డెవిల్‌ని దెయ్యం అనేవారు. ఈ ఆటలో డీమన్ వేరు, డెవిల్ వేరు అని చెప్పాల్సి వచ్చింది. డీమన్‌కి కట్టుబాటంటూ లేదు, ఎదురైనదాన్ని నాశనం చేస్తుంది. డెవిల్స్ తొమ్మిది నరకాల వాళ్లు. కింద లెమ్యూర్ నుంచి పైన ఆస్మోడియస్ దాకా ఎవరి హోదా వాళ్లది. రాసిన మాట తప్పరు, కానీ రాయని మాటతో వాళ్లకు పనిలేదు.

సెషన్ 3లో మొదటి బేరం పెట్టాను. రోగ్ (దొంగ పాత్ర) ఆడే అమ్మాయికి +2 కత్తి (పాచికకు రెండు కలిపే మాయకత్తి), బదులుగా చనిపోయాక ఆత్మ డెవిల్‌ది. అర నిమిషంలో సంతకం పెట్టేసింది. క్యారెక్టర్ చనిపోతే కదా కట్టాల్సింది! ఆ రోజంతా కత్తి పనిచేసింది, ధర మాత్రం ఎక్కడా కనిపించలేదు. ఇంటికి వెళ్లేటప్పుడు ఎవరూ దాని ఊసే ఎత్తలేదు. ఆత్మ చాలా పెద్ద ధరే, కానీ మరీ దూరంలో ఉంది. ధర ప్రతివారం టేబుల్ మీదికి రావాలి.

మరుసటి వారం ఆ అమ్మాయిని అడిగి, ఒప్పుకున్నాక, పాత బేరం రద్దు చేశాను. చిన్న బేరాలకు బ్లేడ్స్ ఇన్ ద డార్క్ అనే ఇంకో ఆట నుంచి ఒక పద్ధతి తెచ్చుకున్నాను. అందులో డెవిల్స్ బార్గెయిన్ ఒప్పుకుంటే ఒక డై (పాచిక) ఎక్కువ వస్తుంది. పని అయినా కాకపోయినా ధర మాత్రం పడుతుంది. ఆ ధర ఏమిటో డీఎం ఒక్కడే కాదు, టేబుల్ దగ్గర ఎవరైనా సూచించవచ్చు. మా ఆటలో మొదట దానికి బదులు అడ్వాంటేజ్ ఇచ్చాను, అంటే డీ20 (ఇరవై ముఖాల పాచిక) రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం. డీ20 సగటు 10.5 నుంచి 13.8కి పెరిగేసరికి ప్రతి తలుపు దగ్గరా బేరమే. ఇప్పుడు డీ4 (నాలుగు ముఖాల పాచిక) కలపనిస్తున్నాను, సరిపోయింది.

పెద్ద బేరానికి దారి మా నాన్న బీరువాలో దొరికింది, ఒక పాత ప్రోనోటు. అదే భాషలో డెవిల్ నోటు రాశాను. "మీకు గానీ, మీ అనుమతి పొందినవారికి గానీ, మీరు కోరిన తక్షణం అసలు, వడ్డీ చెల్లించగలదానను." అసలు: రోజుకు ఒకసారి, ఏదైనా ఎబిలిటీ చెక్‌కి (పని అవుతుందా అని వేసే పాచిక) గానీ సేవింగ్ త్రోకి (ముప్పు తప్పించుకోవడానికి వేసేది) గానీ డీ10 కలుపుకోవచ్చు. ఇది ఫీండ్ వార్లాక్‌కి (డెవిల్ లాంటి దుష్టశక్తితో ఒప్పందం చేసుకున్న మంత్రగాడు) ఆరో లెవెల్లో వచ్చే శక్తికి దగ్గరగా ఉంటుంది. వడ్డీ: నోటు కిందే ఆరు గడుల క్లాక్ (ఒక్కో గడి నింపుతూ పోయే చక్రం) గీశాను. వాడిన ప్రతిసారీ ఒక గడి, ఏ వడ్డీ కట్టకుండా లాంగ్ రెస్ట్ (రాత్రి నిద్ర లాంటి విశ్రాంతి) తీసుకుంటే ఇంకో గడి. ఇంప్ అనే బుల్లి డెవిల్ చెవిలో ఒక నిజమైన రహస్యం చెబితే ఒక గడి చెరిపేస్తాను. ఆరూ నిండితే డెవిల్ అడిగిన ఒక పని చేయాలి. పిల్లల జోలికి, ఇంట్లో వాళ్ల జోలికి వెళ్లే పనులు అడగకూడదని అందరం ముందే అనుకున్నాం.

నోటు ఫొటో వారం ముందే వాట్సాప్‌లో పంపాను. ఇది నాకు చాలా ముఖ్యం. మెలిక కాగితం మీద ఉండాలి, చదువుకునే టైమ్ ప్లేయర్‌కి ఉండాలి. అవి లేకుండా మోసం చేస్తే అది డెవిల్ తెలివి కాదు, డీఎం దొంగాట.

సెషన్ 5లో క్లాక్ నాలుగు గడులకు చేరింది. టెన్షన్ మొదలైంది. ఇంప్‌కి చెప్పడానికి రహస్యాలు అయిపోయి, తోటి పాలడిన్ (ప్రమాణం చేసిన యోధుడి పాత్ర) రహస్యం అమ్మాలా వద్దా అని ఆ అమ్మాయి పది నిమిషాలు ఆలోచించింది. చివరికి అమ్మలేదు. ఆ పది నిమిషాల కోసమే ఇదంతా.

సెషన్ 6లో అదే నోటు పట్టుకుని వేరే డెవిల్ వచ్చింది. మొదటివాడు వెనక సంతకం చేసి దానికి బదిలీ చేశాడు. అందరూ కాగితం లాక్కుని చదివారు: "మీ అనుమతి పొందినవారికి గానీ." ఎవరికీ కోపం రాలేదు, మాట అక్కడే ఉంది మరి. దీన్ని చంపేద్దామా అన్నారు. నరకం బయట చంపితే డెవిల్ తిరిగి నరకంలోనే లేస్తుంది, అక్కడికి వెళ్లి చంపితేనే పూర్తిగా పోతుంది. మా వాళ్లు ఐదో లెవెల్. కుదరదు.

అప్పుడు పాలడిన్ ఆడే అతను అడిగాడు: "మూడేళ్లు దాటితే నోటుకి కాలదోషం పట్టదా, చెల్లకుండా పోదా?" రూల్ పుస్తకంలో అలాంటిదేమీ లేదు. కానీ చట్టాన్ని ప్రాణంగా చూసుకునే నరకానికి ఇంతకంటే తగిన రూల్ నాకు తోచలేదు, ఒప్పేసుకున్నాను. నోటు మీద తేదీ చూస్తే ఆట కాలంలో ఇంకా పద్నాలుగు నెలలుంది. పద్నాలుగు నెలలు దాక్కోవడానికి ఊరు వెతుకుతున్నారు.

వచ్చే ఆదివారానికి ఒక సీన్ రాసుకున్నాను. కొత్త డెవిల్ చాలా మర్యాదగా వస్తుంది. ఒక్క రాగి నాణెం ఇస్తే రెండు గడులు చెరిపేస్తానంటుంది. నాణెం కట్టినట్టు నోటు వెనక రోగ్‌ని ఒక చిన్న సంతకం అడుగుతుంది. అలా చెల్లు (కొంత కట్టినట్టు రాత) పడిందంటే మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్క. ఆ వాక్యం కూడా కాగితం మీద రాశాను, ఈ రాత్రే ఫొటో పంపుతున్నాను.