తియ్యనీళ్ల దేశంలో మా పార్టీ

మన బడిలో తొమ్మిదో తరగతి సోషల్ పీరియడ్‌లో ఒక దేశం పుట్టింది. 1995–96లో నాతో చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతా బ్యాచ్‌ల వాళ్ల కోసం మన సమ్మేళనం సంచికలో రాస్తున్నాను. దాని పేరు తియ్యనీళ్ల దేశం. చుట్టూ సముద్రం, మధ్యలో రెండు జీవనదులు, ఎక్కడ బావి తవ్వినా తాగే నీళ్లు. నల్లగొండ జిల్లాలో మునుగోడు, మర్రిగూడ వైపు పిల్లల్ని సొంతంగా ఒక దేశం తయారు చేసుకోమంటే ఇంకేం కోరుకుంటారు? ఫ్లోరైడ్ నీళ్లకు పళ్లు గారపట్టి, కొందరికి కాళ్లు వంకర తిరిగి, నడివయసు రాకముందే పెద్దవాళ్లు నడుం వంచలేకపోయే ఊళ్ల నుంచి వచ్చేవాళ్లం మేము.

సివిక్స్ పుస్తకంలో రాజకీయ పార్టీల పాఠం చాలా చిన్నది. సోషల్ సార్ దాన్ని ఒక్క పూటలో ముగించి, "పార్టీ అంటే ఏందో తెల్వాలంటే ఒకటి పెట్టి చూడుర్రి" అన్నారు. తరగతిని నాలుగు గుంపులు చేసి చీటీలు తీయించారు. మా గుంపుకు మార్క్సిస్టు పార్టీ వచ్చింది. పేరు శ్రమజీవుల పార్టీ అని పెట్టుకున్నాం. సుత్తి కొడవలి మాత్రం వద్దన్నారు సార్. ఆ దేశంలో కష్టం చేసే మనిషి రోజూ పట్టుకునే వస్తువే గుర్తుగా ఉండాలన్నది ఆయన షరతు. బావి గిరక పెట్టుకున్నాం. నన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారు. ఆడపిల్ల కార్యదర్శి ఏమిటని వెనక బెంచీల్లో గుసగుసలు మొదలైతే, తుంగతుర్తి నుంచి 1978లో, మళ్లీ 1983లో అసెంబ్లీకి గెలిచిన మల్లు స్వరాజ్యం గురించి సార్ ఆ పీరియడంతా చెప్పారు. తెలంగాణ సాయుధ పోరాటంలో చిన్న వయసులోనే ఆమె తుపాకి పట్టి దళాన్ని నడిపిందని విన్నాక గుసగుసలు ఆగిపోయాయి.

మేం ముందుగా నినాదాలు రాసుకుని వెళ్లాం. సార్ వాటిని పక్కన పెట్టించారు. "నీళ్లున్నయి సరే. తూము తాళం ఎవరి దగ్గరుంది?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో నాలుగైదు పీరియడ్లు గడిచాయి. నదుల మీద కాలువలు ఎవరు తవ్వించారు, ఎవరి పొలానికి ముందు నీళ్లు పారతాయి, చివరి మడివాడు ఎవరి దగ్గర అప్పు తీసుకుంటాడు, ఆ అప్పుకు బదులు ఎన్నాళ్లు ఎవరి పొలంలో పనిచేస్తాడు, ఇవన్నీ మేమే తేల్చుకుని రాయాల్సి వచ్చింది. భూస్వామి, ధనిక రైతు, మధ్యతరగతి రైతు, పేద రైతు, కూలీ అని జాబితా గీశాక మా దేశంలో పార్టీ ఎందుకు పుట్టాలో మాకే అర్థమైంది. అదనపు విలువ అనే మాట మొదట నోరు తిరగలేదు. కూలీ పొద్దంతా తవ్విన దానిలో తన కూలి డబ్బుల విలువ ఏ పూటకు పూర్తవుతుంది, ఆ తర్వాత తవ్వినదంతా ఎవరి ఇంటికి పోతుంది అని సార్ బోర్డు మీద గడియారం బొమ్మ వేసి చూపించారు. పిండిగిర్నీలో పనిచేసే వాళ్ల నాన్న లెక్క కూడా అట్లనే వేసి చూడమని ఒక అబ్బాయి అడిగాడు. సార్ వేశారు.

సభ్యత్వ రుసుము రూపాయి అని రాశాం. "రూపాయి లేనోడు మీ పార్టీలకు రావద్దా?" అన్నారు సార్. అప్పుడే భువనగిరి సభ గురించి తెలిసింది. నిజాం పాలనలో తెలంగాణ తెలుగువాళ్లు పెట్టుకున్న సంస్థ ఆంధ్ర మహాసభ. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన దాని సమావేశంలో సభ్యత్వ రుసుమును రూపాయి నుంచి అణాకు తగ్గించారట. అప్పటిదాకా చదువుకున్నవాళ్లదిగా ఉన్న సభలోకి ఆ అణాతో జీతగాళ్లు, వెట్టి చేసేవాళ్లు వచ్చారని, ఊళ్లల్లో అది 'సంగం' అయ్యిందని సార్ చెప్పారు. మా రుసుము పది పైసలైంది.

అసలు గొడవ భూమి దగ్గర వచ్చింది. ఒక కుటుంబానికి ఎంత భూమి ఉండొచ్చు? పది ఎకరాలు చాలని కొందరు, యాభై అని ఇంకొందరు. మా గుంపులో ఇరవై ఎకరాల ఇంటి అమ్మాయి ఉంది, సెంటు భూమి లేని ఇంటి పిల్లలూ ఉన్నారు. చర్చలో ఎవరి ఇల్లు వాళ్ల గొంతులో వినిపించింది. సార్ అడ్డు పడలేదు. సాయుధ పోరాట కాలంలో సంగం ఏం చేసిందో మాత్రం చెప్పారు. మొదట 500 ఎకరాల పరిమితి పెట్టారు, తర్వాత 200 చేశారు, చివరికి మెట్ట 100 ఎకరాలు, తరి (నీళ్లు పారే భూమి) 10 ఎకరాల దాకా దించారు. ఎందుకు ఒక్కసారే దించలేదో రాసుకుని రమ్మన్నారు. ఎక్కువ భూమి ఉన్న దొర మీదికి ఊరంతా ఒక్కటై పోవాలంటే మధ్య రైతుకు భయం పుట్టకూడదని మేం రాశాం. అది ఎత్తుగడ మాత్రమేనా, న్యాయం కూడానా అని ఆయన ఎర్ర సిరాతో అడిగారు. ఈ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. ఒక్కో రోజు ఒక్కో రకంగా అనిపిస్తుంది.

ఒక శనివారం మా క్లాస్‌మేట్ నాయనమ్మ బడికి వచ్చింది. సంగంలో పనిచేసిన మనిషి. చెట్టు కింద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాం. దొర గడి (కోటలాంటి ఇల్లు) ముందుకు గుత్పలు (దుడ్డుకర్రలు) పట్టుకుని పోయిన రోజు గురించి, దొర పొలంలో నాగళ్లు కట్టిన పొద్దు గురించి ఉత్సాహంగా చెప్పింది. 1948లో భారత యూనియన్ సైన్యం వచ్చాక ఏమైందో చెప్పేటప్పుడు గొంతు మారింది. పంచుకున్న చెలక మళ్లీ పాతవాళ్ల చేతికే పోయిందంది. నేను మా పార్టీ కార్యక్రమం చదివి వినిపించాను. చివరిదాకా విని, "మంచిగనే రాసిన్రు బిడ్డా. మీరు గెలిచి కుర్చీల కూసున్నంక మిమ్మల్ని అడిగేటోళ్లెవరో అది రాయలే" అంది.

ఆమె మాటతోనే మా పార్టీ నిబంధనావళి మొత్తం తిరగరాశాం. అధిక సంఖ్యాకుల నిర్ణయానికి అందరూ కట్టుబడాలి, సరే. కానీ ఓడిపోయిన అభిప్రాయాన్ని మినిట్స్‌లో పూర్తిగా రాయాలి, వచ్చే మహాసభలో దాన్ని మళ్లీ చర్చకు పెట్టాలి, ప్రభుత్వంలో ఉన్నవాళ్లు పార్టీ కార్యదర్శులుగా ఉండకూడదు, తూము కమిటీల్లో పార్టీ సభ్యులు కానివాళ్లు సగం ఉండాలి. ఈ చివరిది నేను పట్టుబట్టి పెట్టించాను. చర్చ అందరూ చేయాలి, నిర్ణయమయ్యాక అందరూ దానికి కట్టుబడాలి అనేదాన్ని కేంద్రీకృత ప్రజాస్వామ్యం అంటారు. ఆ పెద్ద మాటలో కేంద్రం ఎంత, ప్రజాస్వామ్యం ఎంత అనే తగాదా ప్రపంచంలో ఎన్నో పార్టీలను చీల్చిందని తర్వాత చదువుకున్నాను. తొమ్మిదో తరగతిలో మాకు అది తూము తాళం ఎవరి చేతికివ్వాలనే ప్రశ్నగా వచ్చింది. ఇంతకంటే సూటిగా దాన్ని ఎవరూ నాకు చెప్పలేదు.

చీలిక మాకూ తప్పలేదు. తియ్యనీళ్ల దేశంలో ఎన్నికలు ప్రకటించారు. ఆయుధాలు దించి పోటీ చేయాలా, వద్దా? ఇక్కడ తెలంగాణలో కమ్యూనిస్టులు 1951 అక్టోబరులో పోరాటం విరమించారు, 1952 ఎన్నికలకు దిగారు. హైదరాబాద్ రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం ఉండడంతో ప్రజాతంత్ర ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. మన నల్లగొండ రావి నారాయణరెడ్డికి 3 లక్షలకు పైగా ఓట్లు వేసింది, నెహ్రూకు వచ్చిన వాటికంటే ఎక్కువ. ఈ ఓట్లను చూపించి నేను పోటీ వైపు నిలబడ్డాను. పోయిన భూములు ఓట్లతో తిరిగొచ్చాయా అని అవతలివాళ్లు అడిగారు. నాయనమ్మ మాటలు వాళ్లూ విన్నారు కదా. ఇద్దరి దగ్గరా బలమైన మాటే ఉంది. రెండు పార్టీలయ్యాం. గిరక గుర్తు మాకు, తాడు గుర్తు వాళ్లకు.

పరీక్షలయ్యాక ఆ ఎండాకాలం అసలు ఎన్నికలు వచ్చాయి. ఫ్లోరైడ్ ఊళ్లకు సాగునీరు, తాగునీరు కావాలని జల సాధన సమితి పిలుపుతో నల్లగొండ లోక్‌సభ స్థానానికి జనం నామినేషన్లు వేశారు. 480 మంది అభ్యర్థులు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయ్యింది, పోలింగ్ వాయిదా పడింది. చివరికి సీపీఐ నుంచి ధర్మభిక్షం గెలిచారు. నీళ్లను భూమితో సమానంగా కార్యక్రమం మొదటి పేజీలో పెట్టింది మా పార్టీ ఒక్కటే. మిగతా మూడు పార్టీల పిల్లలు అప్పుడు దాన్ని చిన్న విషయం అన్నారు. సెలవుల్లో వాళ్లలో ఇద్దరు మా ఇంటికి వచ్చి ఆ పేజీ ఎత్తి రాసుకుపోయారు.

సార్ ఇప్పుడు లేరు. ఈ సంచిక కమిటీకి నాదొక కోరిక. మన సమ్మేళనం విరాళాల్లో కొంత పక్కన పెట్టి, ఇప్పటి తొమ్మిదో తరగతి పిల్లలకు ఏటా ఒక దేశం, నాలుగు పార్టీలు పెట్టించాలి. ఏ సిద్ధాంతం ఎవరికి రావాలన్నది చీటీలే తేల్చాలి. శ్రమజీవుల పార్టీ కార్యక్రమం, తిరగరాసిన నిబంధనావళి నా దగ్గర భద్రంగా ఉన్నాయి, జిరాక్స్ తీసి ఇస్తాను. తాడు గుర్తు వాళ్ల తీర్మానం ఎవరి దగ్గరున్నా తీసుకురండి, రెండూ పక్కపక్కనే పెట్టి పిల్లలకు ఇద్దాం.