మోటరు బేరింగ్: నంబరు వెనక అక్షరాలు కూడా చదవండి

యాసంగి నీళ్లు పారించే రోజుల్లో వరంగల్ చుట్టుపక్కల ఏ రివైండింగ్ షాపులోనైనా "బేరింగ్ పోయింది" అనే మాట వినబడుతూనే ఉంటుంది. ఇంగ్లీషులో బేరింగ్ అంటే తిరిగే షాఫ్టు బరువు మోస్తూ, దాన్ని పక్కకు జరగకుండా పట్టి ఉంచే భాగం ఏదైనా సరే. గోళీలు ఉండాలని లేదు. మన దగ్గర మాత్రం బేరింగ్ అంటే గోళీలదే అనుకుంటాం. బోరు మోటరు దగ్గరికి వచ్చేసరికి ఇక్కడే తకరారు.

నీళ్లు నింపే రకం సబ్‌మెర్సిబుల్ మోటరు విప్పితే గోళీ ఒక్కటి కూడా కనబడదు. పైనా కిందా బుష్‌లు (గోళీలు లేకుండా షాఫ్టును పట్టి ఉంచే గొట్టం లాంటి ముక్కలు), అడుగున త్రస్ట్ బేరింగ్ ఉంటాయి. పంపు నీటిని పైకి తోసేటప్పుడు కిందికి పడే ఒత్తిడిని మోసేది ఆ త్రస్టే. వీటికి గ్రీజు పెట్టరు, మోటరులో నింపిన నీళ్లతోనే నడుస్తాయి. అందుకే బోరులోకి దించే ముందు మంచినీళ్లు నిండా పోసి, లోపలి గాలి పోయేదాకా మోటరును కదిపి, మళ్లీ పోసి ప్లగ్గు బిగించాలి. ఈ పని తొందరలో వదిలేస్తే కొత్త బుష్‌లు కూడా త్వరగా కాలిపోతాయి. రిపేరు బిల్లులో "బేరింగ్" అని మాత్రమే రాసి ఉంటే, బుష్ మార్చారా, త్రస్ట్ మార్చారా అని తప్పకుండా అడగండి.

బావి గట్టు మీది మోనోబ్లాక్‌లో (మోటరు, పంపు ఒకే షాఫ్టు మీద ఉండేది), మిల్లు మోటర్లలో ఉండేవి గోళీల బేరింగ్‌లు. "ఐదు హెచ్‌పీ మోటరు బేరింగ్ ఇవ్వు" అంటే సరిపోదు, పాతదాని మీద నంబరు చూసి చెప్పాలి. 6205 తీసుకోండి. 6 అంటే ఒక వరుస గోళీల రకం, 2 అంటే సిరీస్, అంటే ఆ రంధ్రానికి బయటి కొలత, మందం ఎంతో చెప్పేది. చివరి 05ను ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు. ఈ లెక్క 04 నుంచి పనిచేస్తుంది. 00, 01, 02, 03 ఉంటే రంధ్రం 10, 12, 15, 17. 6205 బయటి కొలత 52, మందం 15. 6305కు కూడా రంధ్రం 25నే, కానీ బయట 62, మందం 17. 6205 బదులు ఇది తెస్తే షాఫ్టుకు ఎక్కుతుంది, మోటరు కవర్లో కూర్చోదు. పుల్లీ వైపు, ఫ్యాను వైపు వేర్వేరు నంబర్లు ఉండొచ్చు, రెండూ చూడండి.

ఇంతవరకు చాలామందికి తెలుసు. పట్టించుకోనివి అంకెల తర్వాతి అక్షరాలు. ZZ అంటే రెండు పక్కలా రేకు మూతలు, 2RS అంటే రబ్బరు మూతలు. దుమ్ము, తడి ఉన్నచోట రబ్బరుదే నయం. రెండింటిలోనూ కంపెనీలోనే గ్రీజు నింపి వస్తుంది. వాటిని కిరోసిన్‌లో కడగొద్దు, మూత ఊడదీసి గ్రీజు కూరొద్దు. మూతలు లేని బేరింగ్‌కైనా లోపలి ఖాళీలో మూడో వంతు నుంచి సగం వరకే గ్రీజు పెట్టాలి. నిండుగా పెడితే గోళీలు ఆ గ్రీజునే చిలుకుతూ వేడెక్కుతాయి.

C3 అంటే లోపల గోళీలకూ రింగులకూ మధ్య మామూలు కంటే ఎక్కువ సందు. 25 మిల్లీమీటర్ల బేరింగ్‌లో మామూలు సందు 5 నుంచి 20 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), C3లో 13 నుంచి 28. షాఫ్టు మీద బిగువుగా ఎక్కించినప్పుడు లోపలి రింగు కొంచెం సాగుతుంది, మోటరు నడిచి వేడెక్కితే ఇంకా సాగుతుంది. ఆ సందంతా మూసుకుపోతే గోళీలు నలిగిపోతాయి. పాతది C3 అయితే కొత్తది కూడా C3నే కొనండి, "రెండూ ఒకటే" అనే మాట నమ్మొద్దు.

ఎక్కించేటప్పుడు దెబ్బ ఎక్కడ పడుతుందన్నది ఇంకా ముఖ్యం. షాఫ్టు మీదికి ఎక్కిస్తుంటే లోపలి రింగు మీదే ఒత్తిడి పడాలి. ఆ రింగుకు మాత్రమే ఆనే పైపు ముక్క పెట్టి, సమంగా దింపాలి. బయటి రింగును సుత్తితో కొడితే దెబ్బ గోళీల గుండా పోయి రింగుల మీద సన్నని గుంటలు పడతాయి. బిగించిన రోజు చప్పుడు తక్కువగా ఉండొచ్చు, తర్వాత గరగర మొదలవుతుంది, షాపువాడు మాలు మంచిది కాదంటాడు. నూనెలో వేడిచేసి ఎక్కించడం మూతలు లేనివాటికే, అదీ 80–90 డిగ్రీల వరకే. గ్యాసు మంట నేరుగా పెట్టడం అసలే వద్దు.

షాఫ్టు అరిగి వదులైతే సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టి బిగువు చేయడం మన దగ్గర మామూలే. అది నిలవదు. బేరింగ్ ఆ చుక్కల మొనల మీదే ఆని ఉంటుంది, మొనలు అణగగానే మళ్లీ వదులవుతుంది. వెల్డింగ్ నింపి లేత్ మీద సైజుకు తిప్పించడమే దారి. బిగించి ఉన్న మోటరు దగ్గర వెల్డింగ్ చేస్తుంటే ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చేసే ముక్కకే పెట్టాలి. కరెంటు బేరింగ్ గుండా పోతే గోళీల మీద కాలిన మచ్చలు పడతాయి.

రైసు మిల్లు ఎలివేటర్లకు, జిన్నింగ్ మిల్లు కన్వేయర్లకు ప్లమ్మర్ బ్లాకులో (బేరింగ్‌ను పట్టి ఉంచి, బోల్టులతో బిగించే దిమ్మ) UCP 205 లాంటివి వస్తాయి. ఇందులో 05 లెక్క అదే. ఊక దుమ్ము, దూది నుసి మధ్య నడుస్తాయి కాబట్టి గ్రీజు తరచుగా కావాలి. కరెంటు బంద్ చేసి, షాఫ్టు చేత్తో తిప్పుతూ గ్రీజు గన్నుతో మెల్లగా కొట్టండి. మూత అంచున కొత్త గ్రీజు సన్నగా కనబడగానే ఆపాలి, ఇంకా నొక్కితే మూతే లేచిపోతుంది. లోపలి రింగును షాఫ్టుకు బిగించే రెండు గ్రబ్ స్క్రూలు (తల లేని చిన్న స్క్రూలు) వదులైతే రింగు ఆగిపోయి అందులో షాఫ్టే తిరిగి అరుగుతుంది. కొత్తది బిగించాక కొన్ని గంటలు నడిపి, ఆపి, ఆ స్క్రూలను ఇంకోసారి అలెన్ కీతో బిగించండి.