మైకుకు జానెడు దూరంలో

ఈరోజంతా పాఠాల రికార్డింగే. ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాక ముందుగా గట్టిగా ఒకసారి చప్పట్లు. ఆ చప్పుడు ఠక్కున ఆగిపోతే గది బాగున్నట్టు, సాగుతూ మోగితే ఎకో ఉన్నట్టు. ఎకో తగ్గించడానికి ఫోమ్ (శబ్దాన్ని పీల్చే స్పాంజి) అంటించేవాళ్లలో చాలామంది మైకు వెనక గోడకి అంటిస్తారు. కార్డియాయిడ్ మైకు (వెనక శబ్దాన్ని చాలావరకు పట్టించుకోని రకం) వినేది ముందువైపు, అంటే మన వీపు వెనక గోడ నుంచి తిరిగొచ్చే శబ్దాన్ని. మందపాటి దుప్పటి వేలాడదీయాల్సింది అక్కడ. (గోడలకి గుడ్ల అట్టలు అంటించడం మాత్రం దండగ.)

నోటికీ మైకుకీ మధ్య జానెడు, 15 నుంచి 20 సెంటీమీటర్లు. ఆ దూరం రెట్టింపైతే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గది మోత మాత్రం అలాగే ఉంటుంది. గెయిన్ (మైకు పట్టిన శబ్దాన్ని పెంచే నాబ్) పెంచితే రెండూ కలిసి పెరుగుతాయి. బావిలోంచి మాట్లాడినట్టుండే వీడియోల్లో చాలావాటి రోగం ఇదే, ఖరీదైన మైకు కొన్నా కుదరదు. మరీ దగ్గరికి జరిగితే బాస్ పెరిగి గొంతు బొంగురుగా వస్తుంది. మైకును నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి పెట్టి, నోటివైపు తిప్పాలి. అప్పుడు "ఫలితం", "భాగం" అన్నప్పుడు వచ్చే గాలి దెబ్బ మైకుకు తగలకుండా పక్కనుంచి పోతుంది.

లెవెల్ చూడ్డానికి "హలో, హలో" పనికిరాదు. పాఠంలో ఎక్కడ గొంతు పెరుగుతుందో ఆ వాక్యమే చదవాలి, రికార్డింగ్ మీటర్‌లో పీక్, అంటే శబ్దం అత్యధికంగా చేరే స్థాయి, -12 నుంచి -6 డెసిబెల్స్ మధ్య ఆగాలి. మీటర్ చివరి గీత సున్నా తాకి చిట్లిన శబ్దాన్ని పూర్తిగా బాగుచేయలేం. గెయిన్‌ను తనంతట తానే మార్చే ఆటో గెయిన్ ఆపేయాలి, లేకపోతే మాట ఆగినప్పుడల్లా గది హోరు పైకి లేస్తుంది.

రికార్డింగ్ సెట్టింగులు: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో (ఒకే ఛానెల్). మొదట 10 సెకన్లు నిశ్శబ్దం, నాయిస్ శాంపిల్ కోసం, అంటే గది హోరు ఎలా ఉందో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి చూపడానికి. తడబడితే రికార్డింగ్ ఆపనక్కర్లేదు, చిటికె వేసి వాక్యం మొదటినుంచి చెబితే చాలు. వేవ్‌ఫామ్‌లో (తెరమీద శబ్దం గీతల బొమ్మలో) చిటికె ముల్లులా కనబడుతుంది, అది చూసి కోసేయొచ్చు.

ఎడిటింగ్‌లో 80 హెర్ట్జ్ కింద ఉండే లోతైన గుంయ్‌మనే శబ్దాల కత్తిరింపు, తర్వాత కొద్దిగా నాయిస్ రిడక్షన్. అది మోతాదు మించితే నీళ్లలోంచి మాట్లాడినట్టుంటుంది. దానికంటే కాస్త హోరే నయం. చివరికి అన్ని పాఠాలూ ఒకే -16 లఫ్స్‌కి (LUFS, మొత్తంమీద శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) తెస్తే చూసేవాళ్లకి పాఠానికోసారి వాల్యూమ్ మార్చుకునే బాధ తప్పుతుంది. స్టాండు, గెయిన్ నాబ్ ఎక్కడున్నాయో ఫోటో తీసుకుంటే రేపటి సెటప్ సులువు.