అరటి నార

మా ఏడో తరగతిలో ఒక పిల్లవాడు వారానికి మూడు రోజులైనా ఆలస్యంగా వస్తాడు. పోయిన సోమవారం నా ఓపిక నశించి, "బయటే నిలబడు" అన్నాను. నిలబడ్డాడు. మారు మాట్లాడలేదు. ఆ మౌనాన్ని పొగరనుకున్నాను. పదహారేళ్లుగా లెక్కలు చెబుతున్నదాన్ని, మనుషుల దగ్గరికొచ్చేసరికి ఇలా తప్పుతుంటాను.

శుక్రవారం తెల్లవారుజామున తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి వెళ్తుంటే, దారి పక్కన గోనెపట్టా మీద వాళ్లమ్మ, పక్కనే వాడు. ఇటు రెండు మల్లెమొగ్గలు, అటు రెండు, తడిపిన అరటి నారతో ఒక చుట్టు, ఒక ముడి. వేళ్లు వాటంతటవే కదులుతున్నాయి. చూపు మాత్రం ఒళ్లో తెరిచిన లెక్కల పుస్తకం మీద ఉంది. నన్ను చూసి గబుక్కున లేచాడు. వాళ్లమ్మ మూర కొలిచి, మరో జానెడు కలిపి, డబ్బులు వద్దంది. "వీడు బాగా చదువుతున్నాడా టీచర్?" అని అడిగింది. అంటే ఇంట్లో చెప్పలేదన్నమాట! డబ్బులు బలవంతాన ఆమె చేతిలో పెట్టి, గుడిలోకి కూడా వెళ్లకుండా వెనుదిరిగాను.

2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం పట్టను కాబట్టి అది నాకు సంబంధించింది కాదని ఇన్నాళ్లూ ధీమా.

ఇప్పుడు హాజరు పీరియడ్ చివర్లో వేస్తున్నాను. నిన్న వాడిని పిలిచి, ఆ రోజు పొరపాటు నాదేనన్నాను. వాడు నార మరకలున్న వేళ్లు వెనక్కి దాచుకుని, "పర్వాలేదు టీచర్, అక్కడ నీడగానే ఉండింది" అన్నాడు.